గ్యాలన్ నీళ్లలో నిమ్మకాయంత బెల్లం

జనవరి 20, శనివారం

రోము దిమ్మలు ఆరూ పగిలాయి. సిమెంటు దిమ్మలు ఆరూ గుండ్రాళ్లలా ఉన్నాయి.

మనవరాలు ఇషా పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. రెండు ఇడ్లీలు పెడితే ఒకటి పళ్లెం చుట్టూ తిప్పి తిప్పి వదిలేసింది. పద్నాలుగేళ్ల పిల్ల, మెడ దగ్గర ఎముకలు కనిపిస్తున్నాయి. వాళ్లమ్మతో చెబితే "ఆకలేస్తే అదే తింటుందిలే అమ్మా" అంటుంది. ఈ పద్మినికి ఆ వయసులో నేను ముద్దలు చేసి నోట్లో పెట్టాను. మరిచిపోయింది.

హైస్కూల్లో చేరినప్పటి నుంచి ఈ పిల్లకి స్నేహితులు లేరు. లాటిను క్లాసు, రోము వాళ్లు, అంతే. సైన్సు ఫెయిరుకి కూడా రోమే. వాళ్ల సున్నం గట్టిదా, ఇప్పటి సిమెంటు గట్టిదా అని. సున్నం బస్తా, అగ్నిపర్వతం బూడిద బస్తా ఆన్‌లైన్లో తెప్పించింది. ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు బూడిద కలిపి ఆరు దిమ్మలు, సిమెంటుతో ఆరు దిమ్మలు పోసింది. రెండు వేల ఏళ్ల కింద సముద్రంలో కట్టిన రేవు గోడలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయట.

స్కూల్లో మొదటి బహుమతి వస్తే యూనివర్సిటీలో పెద్ద ఫెయిరుకి పంపిస్తారు. అక్కడ నచ్చితే వేసవిలో ఆరు వారాలు పాత కట్టడాల ల్యాబులో పని చేయనిస్తారు. ఒక్క పిల్లకే ఆ చోటు. ఇషా ఆ ల్యాబు ఫోటో మంచం పక్కన గోడకి అంటించుకుంది. సినిమావాళ్ల ఫోటోలు అంటించుకోవలసిన వయసు.

పగిలాయంటే పగలవా మరి. ఈ చలిలో, హీటరు గాలికి, కప్పకుండా వదిలేసింది. మా నాన్న పిడుగురాళ్లలో సున్నపు గానుగ ఆడించాడు. ఎద్దు వెనక తిరగడానికి మనిషి లేక నన్ను నాలుగో తరగతితో మానిపించాడు. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసి ఆడించేవాళ్లం. కట్టాక తడి గోతాలు కప్పేవాళ్లం. సున్నానికి దాహం తీరకపోతే చచ్చిపోతుంది అనేవాడు.

అదే చెప్పాను. "అమ్మమ్మా, అది ఇండియన్ మెథడ్. నా ప్రాజెక్ట్ రోమన్" అంది.

గరాజ్ తలుపు వేశానో లేదో చూసి రావాలి.

జనవరి 20, మళ్లీ

వేసే ఉంది.

జనవరి 27, శనివారం

రేపు రెండు రకాలూ మళ్లీ కలుపుతుందట. తెల్ల ప్లాస్టిక్ క్యానులో గ్యాలన్ నీళ్లు కొలిచి పట్టి గరాజ్‌లో పెట్టింది. ఎవరూ ముట్టుకోకండి అని కాగితం అంటించింది. ఆ ఇంగ్లీషు నేను చదవగలను.

కూరగాయలు తరుగుతుంటే పక్కన కూర్చుని ఒక గుడి బొమ్మ చూపించింది. రోములో ఉందట. పైన బోర్లించిన కుండలాంటి కప్పు. లోపల ఇనుప కమ్మీ ఒక్కటి లేదు. పైకి పోయే కొద్దీ తేలిక రాయి వాడారు. నడి నెత్తిన పెద్ద చిల్లు.

"వాన పడదా?" అన్నాను.

"పడుతుంది. ఫ్లోర్ కొంచెం స్లోప్. కింద చిన్న చిన్న హోల్స్ ఉన్నాయి. వాటర్ వెళ్లిపోతుంది."

వాన వస్తుందని భయపడి చిల్లు మూసుకోలేదు. వచ్చిన నీళ్లకి దారి చేశారు. నాకైతే ఆ చిల్లు కింద నిద్ర పట్టదు.

"అసలు అంత పెద్దవాళ్లు ఎలా అయ్యారే?" అన్నాను.

మొదట బురదలో గుడిసెలేనట. ఊరి మధ్య నీళ్లు నిలిచిపోతే ముందు మురుగు కాలవ తవ్వారట. తర్వాత ఎవరిని ఓడిస్తే వాళ్ల దగ్గర మంచిది ఏముందో చూసి నేర్చుకున్నారట. కమాను ఒకరి దగ్గర, ఓడ ఒకరి దగ్గర. "దే జస్ట్ టుక్ ఇట్ అమ్మమ్మా. టుక్ ఇట్ అండ్ మేడ్ ఇట్ బిగ్గర్" అంది. కళ్లు మెరిశాయి. ముందు మురుగు కాలవ కట్టినవాళ్లు బాగుపడక ఏమవుతారు.

ఈసారీ పగిలితే ఈ పిల్ల ఏమైపోతుందో.

జనవరి 28, ఆదివారం

నేనేమీ చేయలేదు. నిమ్మకాయంత బెల్లం, చెంచాడు కరక్కాయ పొడి. అది నా దగ్గుకి తెచ్చుకున్నదే. వేణ్నీళ్లలో కరిగించి, పాత చీర ముక్కలో వడకట్టి, వాళ్లు లేవకముందే క్యానులో పోశాను. ముందే అందులోంచి అన్నే నీళ్లు తీసేశాను, కొలత మారలేదు. రంగు కూడా తెలియలేదు.

బెల్లం దేవుడికి పెట్టేది. విషం కాదు.

జనవరి 30, మంగళవారం

ఇషా స్కూలుకి వెళ్లాక రోము దిమ్మల మీద తడి తువ్వాలు కప్పుతున్నాను. మూడింటికి బస్సు వచ్చేలోపల తీసేస్తాను. సిమెంటు దిమ్మల జోలికి పోలేదు. వాటితో నాకేం పని.

ఫిబ్రవరి 8, గురువారం

అన్నాల దగ్గర మళ్లీ రోము. కొండల మీద నుంచి యాభై మైళ్లు నీళ్లు తెచ్చారట, మోటారు లేకుండా. ఎంత దూరానికి ఎంత వాలు ఉండాలో అంత చిన్నగా వంచి కాలవ కట్టారు. వాలు ఎక్కువైతే నీళ్లు గోడని తినేస్తాయి, తక్కువైతే నిలిచిపోతాయి.

మూర్తి అల్లుడే అయినా కొడుకులా ఉంటాడు. ఉత్సాహంగా వింటాడు. "మరి దారిలో ఎవరూ కొట్టేసేవాళ్లు కాదా ఆ నీళ్లు?" అన్నాడు.

"కొట్టేసేవాళ్లు నాన్నా. సీక్రెట్‌గా హోల్ పెట్టి సొంత పైప్ పెట్టుకునేవాళ్లు. ఒక ఆఫీసర్ వచ్చి మొత్తం మెజర్ చేశాడు. ఇక్కడ ఇంత వచ్చింది, అక్కడ ఇంతే వెళ్లింది అని. అలా దొరికిపోయారు."

నాకు పొలమారింది. పద్మిని నెత్తిన తట్టింది.

కాలవలోంచి తీసుకోవడం దొంగతనం. నేను కలిపాను. కలపడం వేరు.

ఫిబ్రవరి 25, ఆదివారం

ఇరవై ఎనిమిది రోజులయ్యాయి. మూర్తి కారు జాకీతో ఒక యంత్రంలాంటిది చేశాడు. జాకీ తిప్పుతుంటే దిమ్మ నలుగుతుంది, కింద తూకం నెంబరు చూపిస్తుంది.

రోము దిమ్మలు ఈసారి ఆరేటప్పుడు ఒక్కటీ పగలలేదు. తూకంలో నెంబర్లు పెరిగి పెరిగి అప్పుడు విరిగాయి. సిమెంటువి జాకీ ఆనగానే పొడిపొడి అయిపోయాయి. ఆరింటికి ఆరూ.

"నాన్నా, సిమెంట్ లాస్ట్. రోమ్ వన్" అంది ఇషా. మళ్లీ మళ్లీ అంది. నన్ను పట్టుకుని తిప్పింది. నాకు కళ్లు తిరిగాయి, అయినా ఆపలేదు.

రెండు ముద్దలు ఎక్కువ తింది.

ఫిబ్రవరి 28, బుధవారం

మొదటి బహుమతి. నీలం రిబ్బను. యూనివర్సిటీ ఫెయిరు మార్చి పదహారున.

నాన్నా, నీ బెల్లం గెలిచింది.

మార్చి 3, ఆదివారం

రాజారావు గారు భోజనానికి వచ్చారు. ఆయన డెబ్బై ఒకటిలో అమెరికా వచ్చినవాడు. ముప్పై ఏళ్లు ఇక్కడి హైవేల మీద వంతెనలు కట్టించి రిటైరయ్యాడు. భార్య పోయాక ఆదివారాలు మా ఇంటికే వస్తాడు. పప్పుచారు ఉంటే చాలు.

ఇషా రిబ్బను చూపించింది. దిమ్మలు చూపించమన్నాడాయన. రోము ముక్కని అటూ ఇటూ తిప్పి మెచ్చుకున్నాడు. సిమెంటు ముక్క తీసుకుని గోటితో గీరాడు. గోరు దిగింది.

"ఇది సిమెంటు కాదు తల్లీ, పకోడీ" అన్నాడు.

"చలికి అయిందేమో అంకుల్" అన్నాడు మూర్తి.

"చలికి ఆలస్యం అవుతుంది. నెల తర్వాత ఇలా ఉండదు. మొదటిసారి పోసినవి బాగా గట్టిపడ్డాయన్నావుగా, అదే బస్తా కదా?"

"సేమ్ బ్యాగ్" అంది ఇషా.

"మరి చక్కెర పడిందేమో చూడు. మా సైటులో ఒకసారి కాంక్రీటు లారీ దారిలో ఆగిపోయింది. లోపల గడ్డకడితే లారీ అంతే సంగతులు. డ్రైవరు కొట్టుకి పరిగెత్తి చక్కెర బస్తాలు తెచ్చి కుమ్మరించాడు. ఇక గట్టిపడలేదు. సిమెంటుకి తీపి పడదమ్మా, నాలాగే. షుగర్ పేషెంటు."

అందరూ నవ్వారు. ఇషా నవ్వలేదు. "నేను అసలు షుగర్ పెట్టలేదు అంకుల్, జస్ట్ వాటర్" అంది.

"ధనమ్మగారూ, ఇంకొంచెం పప్పుచారు" అన్నాడాయన.

నేను గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాను. క్యాను ఒక్కటే. పన్నెండు దిమ్మలకీ ఒక్క క్యాను. ఆరు రోముకి, ఆరు సిమెంటుకి. నాకు రోము దిమ్మలే కనిపించాయి. సిమెంటు దిమ్మల జోలికి పోలేదు అని ఈ పుస్తకంలో నేనే రాసుకున్నాను.

రోము గెలవలేదు. నేను సిమెంటుని చంపాను.

మార్చి 4, సోమవారం

పద్మినికి చెప్పాను. చాలాసేపు పెదవి కొరుక్కుంది.

"ఇప్పుడు చెప్పి ఏం లాభం అమ్మా? ఇంకో పన్నెండు రోజులే ఉన్నాయి. ల్యాబు సీటు వచ్చాక మెల్లిగా చెబ్దువు. అదేమైనా కావాలని చేసిందా?"

"అది చేయలేదు. నేను చేశాను."

"అదే కదా. దాని తప్పు లేదు."

పద్మిని మందుల కంపెనీలో పని చేస్తుంది. తయారైన ప్రతి మందుకీ కాగితాలు చూసి సంతకం పెట్టడం తన పని. "మీ దగ్గర ఎవరైనా చెప్పకుండా మందులో చిటికెడు ఏదో కలిపితే ఏం చేస్తారే?" అని అడిగాను.

"ఉద్యోగం పీకేస్తారు."

"బాగా పని చేసినా?"

తను స్టవ్ కట్టేసి పైకి వెళ్లిపోయింది.

మార్చి 5, మంగళవారం

ఈరోజు చెబుదామనుకున్నాను. రేపు దానికి లెక్కల పరీక్ష.

మార్చి 6, బుధవారం

పిల్లకి జలుబు చేసింది. జలుబులో ఇలాంటివి చెప్పకూడదు.

మార్చి 7, గురువారం

జలుబు తగ్గలేదు. ఎప్పటికీ ఏదో ఒకటి ఉంటుంది. బస్సు దిగి రాగానే గరాజ్‌లోకి రమ్మన్నాను. కోటు కూడా విప్పనివ్వలేదు, విప్పితే నాకు ధైర్యం పోతుంది.

బెల్లం, కరక్కాయ, చీర ముక్క, తువ్వాలు, అన్నీ చెప్పాను.

"సిమెంట్‌లో కూడా?" అంది.

"క్యాను ఒక్కటే కదమ్మా."

"సో రోమ్ గెలవలేదు."

"తెలియదు."

ఆ మాటకి అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ముక్కు తుడుచుకుని "నువ్వు నన్ను అడిగితే నేను నో అనేదాన్ని" అంది.

"అవును."

"అందుకే అడగలేదు."

"అవును."

పైకి వెళ్లి తలుపు వేసుకుంది. రెండు జవాబులు, రెండూ ఒకటే. డెబ్బై మూడేళ్లలో నన్ను ఇంత చిన్న ప్రశ్నలు ఎవరూ అడగలేదు.

మార్చి 8, శుక్రవారం

మాట్లాడటం లేదు. ల్యాబు ఫోటో గోడ మీద లేదు. చెత్తబుట్టలో కూడా వెతికాను, లేదు.

మార్చి 9, శనివారం

మాట్లాడటం లేదు. పెరుగన్నం గుమ్మం దగ్గర పెట్టాను. సగం తింది.

మార్చి 11, సోమవారం

టీచరుకి ఈమెయిలు రాస్తానని వాళ్లమ్మతో అంటుంటే విన్నాను. వద్దు, నేను వచ్చి చెబుతాను అన్నాను. పద్మిని ఆశ్చర్యపోయింది. నేను బ్యాంకులోకే ఒంటరిగా అడుగు పెట్టను. వేలిముద్రలు తీసుకునే ఆఫీసులో ఒకసారి కళ్లు తిరిగి పడ్డాను.

స్కూలు వరండా రైలు స్టేషనంత ఉంది. ఈ ప్రాజెక్టు చూసుకునే లాటిను టీచరు తెల్లజుట్టు ఆవిడ, సన్నగా, నాకంటే పదేళ్లు చిన్నదై ఉంటుంది. నాకు ఇంగ్లీషు మాట్లాడటం రాదు. ఆవిడకి తెలుగు రాదు. ఇషా మధ్యలో కూర్చుంది.

"క్యానులో నీళ్లు మార్చింది నేను. ఈ పిల్లకి తెలియదు. బహుమతి తప్పు" అన్నాను.

ఇషా నేల చూస్తూ ఇంగ్లీషులో చెప్పింది. నాలుగు రోజుల తర్వాత నా ఎదుట దాని నోట వచ్చిన మొదటి మాటలు నా మాటలే. ఒక్కటీ తగ్గించలేదు, ఒక్కటీ పెంచలేదు. మధ్యలో ఒకచోట దాని గొంతు ఆగింది. ఆగి మళ్లీ చెప్పింది.

బెల్లం ఎందుకు అని అడిగింది ఆవిడ. గానుగ సంగతి చెప్పాను, ఎద్దు సంగతి కూడా చెప్పాను. అనవసరమేమో. కానీ ఆవిడ రాసుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది. ఈ ఫలితం నిలవదు. రెండో బహుమతి వచ్చిన పిల్లవాడు ఫెయిరుకి వెళ్తాడు. ఈ వేసవికి ల్యాబు లేనట్టే.

ఇషా ఆ మాటలు తెలుగు చేయలేదు. మొహం చూస్తే సగం అర్థమైంది, మిగతాది తర్వాత పద్మిని చెప్పింది.

కారులో పద్మిని నా చేయి పట్టుకుంది.

మార్చి 16, శనివారం

ఈరోజే ఫెయిరు. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మూర్తి ఊరికే డ్రైవ్‌వే ఊడుస్తున్నాడు, ఆకు లేదు, మంచు లేదు.

పదకొండింటికి ఇషా వంటింట్లోకి వచ్చి తూకం మిషను బల్ల మీద పెట్టింది.

"నిమ్మకాయంత అంటే ఎన్ని గ్రామ్స్?"

"నిమ్మకాయంతే" అన్నాను.

"చిన్న నిమ్మకాయా, పెద్ద నిమ్మకాయా? అమ్మమ్మా, రోమన్స్ వన్ ఈజ్ టు త్రీ అని రాశారు. అందుకే టూ థౌజండ్ ఇయర్స్ తర్వాత నేను చేయగలుగుతున్నాను. మీ నాన్న ఏం రాశారు?"

"మా నాన్నకి రాయడం రాదు."

"నీకు వచ్చు కదా."

బెల్లం అచ్చు తీసి కొట్టమంది. కళ్లు మూసుకుని చేతి లెక్కతో పదిసార్లు తీయమంది. నలభై ఒకటి. ముప్పై ఎనిమిది. నలభై మూడు. నలభై. పదీ రాసి, కూడి, భాగించింది. నలభై గ్రాములు.

"యు ఆర్ ప్రెటీ గుడ్" అంది. నవ్వలేదు. కానీ అంది.

రెండు మార్పులు ఒకేసారి చేశానట నేను. బెల్లమూ, తువ్వాలూ. అందుకని ఏది పని చేసిందో ఎవరికీ తెలియదు. అసలు బెల్లం ఏమీ చేయలేదేమో, తువ్వాలే చేసిందేమో అంది. నాకు కొంచెం రోషం వచ్చింది. మూడు తరాలు పోసిన బెల్లం. కానీ ఆ లెక్క కాదనలేను.

మార్చి 17, ఆదివారం

ఇరవై నాలుగు దిమ్మలు పోశాం. పన్నెండు రోము, పన్నెండు సిమెంటు. వట్టి నీళ్లవి మూడు, బెల్లం నీళ్లవి మూడు, తువ్వాలు కప్పినవి మూడు, రెండూ ఉన్నవి మూడు, అలా రెండు రకాలకీ. ప్రతిదానికీ నెంబరు. క్యానులు వేరు వేరు.

రిజిస్టరు పెట్టింది. పద్మిని వాళ్ల ఆఫీసులో లాగా గళ్లు గీసి ఇచ్చింది. కలిపినది: ఇషా. చూసినది: ధనమ్మ. సంతకం నాలుగుసార్లు ప్రాక్టీసు చేశాను.

వచ్చే ఏడాది ఫెయిరుకి వెళ్తుందట. వచ్చే ఏడాది ల్యాబు వాళ్లు తొమ్మిదో తరగతి పిల్లలనే తీసుకుంటే ఎలా, అప్పటికి ఇది పదిలో ఉంటుంది కదా అన్నాను. "అమ్మమ్మా, ఒకటే వర్రీ ఎట్ ఎ టైమ్" అంది.

మార్చి 28, గురువారం

రేపటి నుంచి ఇషాకి లాటిను క్లబ్బు పోటీలు, మూడు రోజులు వేరే ఊళ్లో. స్వెటరు పెట్టుకుందో లేదో బ్యాగు రెండుసార్లు చూశాను.

వెళ్లేముందు గరాజ్‌లోకి పిలిచింది. "నేను లేను కదా. రోజూ నువ్వే చూడాలి. తువ్వాలు ఉన్నవాటికే వాటర్. లేనివాటిని టచ్ చేయొద్దు. క్రాక్ వస్తే చూసి రాయి. ఓకే?"

"పూర్తిగా విరిగిపోతుంటే?"

"విరగనీ. అదీ ఆన్సరే."

తాళం నా చేతిలో పెట్టింది.

మార్చి 29, శుక్రవారం

చూశాను. రాశాను. పగుళ్లు లేవు. పద్మిని ఫోను చేస్తే ఇషా బస్సులో ఉందట, పక్కన ఎవరో పిల్ల నవ్వుతున్న చప్పుడు వినిపించింది.

మార్చి 30, శనివారం

వట్టి నీళ్ల రోము దిమ్మ, నెంబరు రెండు. అంచున వెంట్రుకంత గీత. గీతా, పగులా? కళ్లద్దాలు తుడిచి చూశాను. పగులే.

రాశాను. మళ్లీ వెళ్లి చూశాను. అంతే ఉంది. మూర్తి టీ తాగుతూ "అత్తయ్యా, అది దిమ్మ, బాలింత కాదు" అన్నాడు. అతనికేం తెలుసు.

మార్చి 31, ఆదివారం

పొద్దున్నే మగ్గుతో నీళ్లు పట్టుకుని గరాజ్‌లోకి వెళ్లాను. తువ్వాళ్లు తడపడానికే. తడిపాను. మగ్గులో సగం మిగిలాయి.

నెంబరు రెండు పగులు పెరిగింది. అంచు నుంచి లోపలికి పాకుతోంది. నెంబరు మూడుకీ మొదలైంది. పొడిగా, తెల్లగా, పెదాలు ఎండిన పిల్లల్లా ఉన్నాయి. నాలుగు చుక్కలు వేస్తే చాలు. ఎవరూ లేరు. మూర్తి నిద్ర లేవలేదు, పద్మిని స్నానంలో ఉంది, ఇషా వచ్చేది సాయంత్రం ఆరింటికి. అప్పటికి తడి ఆరిపోతుంది.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చేయి నొప్పి పెట్టింది.

మగ్గు నేల మీద పెట్టి స్కేలు తీసుకున్నాను. వంగితే నడుము పట్టేస్తుంది, అందుకని మోకాళ్ల మీద కూర్చుని కొలిచాను. రెండుసార్లు కొలిచాను. రిజిస్టరు తొడ మీద పెట్టుకుని నా అక్షరాలతో రాశాను.

నెంబరు 2, పగులు ఒకటి, రెండు సెంటీమీటర్లు. నెంబరు 3, పగులు ఒకటి, అర సెంటీమీటరు. నీళ్లు పోయలేదు.

చూసినది: ధనమ్మ.